డాసీ ఈస్టన్ గ్రంథము - స్వైరిణీశబ్దవిచారము

డాసీ ఈస్టన్ అను నామె అమెరికా సంయుక్తరాష్ట్రములలో సాన్ ఫ్రాన్సిస్కో నగరమున దంపతులకును గుటుంబములకును మనశ్చికిత్స చేయు వృత్తియందుఁ బేరుగాంచిన విదుషి. ఆమె జానెట్ హార్డీ యను మఱియొక రచయిత్రితోఁ గూడి 1997లో ‘ది ఎథికల్ స్లట్’ అను గ్రంథమును వెలువరించెను. ఒకరికంటె నెక్కువమందితోఁ బ్రేమసంబంధమును, దాఁపఱికము లేక, అందఱ యెఱుక మీఁదను అందఱ సమ్మతి మీఁదను నడుపుకొనఁగోరువారికి మార్గము సూపుట యా గ్రంథమునకు విషయము. అది 2009లోను, 2017లోను సవరింపఁబడి మరల ముద్రితమయ్యెను.

ఈ పత్రికను జదువు పండితులలోఁ గొందఱికి నిట్టి గ్రంథమును విమర్శకుఁ గైకొనుటయే యనుచితముగాఁ దోఁపవచ్చును. అమరసింహుఁడు పతివ్రతాపర్యాయములను గూర్చిన చేతితోనే కులటాపర్యాయములను గూడఁ గూర్చెను. పాణిని కులటాపుత్రునిఁ జెప్పు శబ్దమునకుఁ బ్రత్యయమును విధించెను. శబ్దమున్న చోట శాస్త్రము మొగము తిప్పుకొనఁజాలదు. ఈ గ్రంథమో, యొక శబ్దమును గూర్చిన వివాదముతోనే మొదలిడుచున్నది. కావున వైయాకరణునకు దీనియందుఁ బ్రవేశము గలదని నా తలంపు.

ఈస్టన్ 1944లో జన్మించినది. గ్రంథమునకు బీజమైన ఘట్టమును ఆమెయే గ్రంథమునఁ జెప్పుకొన్నది. 1969లో నామె మిక్కిలి బాధాకరమైన యొక సంబంధమునుండి పసికందైన కూఁతురితోఁ దప్పించుకొని బయటపడెను. ఇఁక మీఁద నే నొక్కరి సొత్తుగా నుండనని యపుడే నిశ్చయించుకొనెను. ఈ సంగతి యూరక దాఁటిపోవఁ దగినది కాదు. గ్రంథనామమును మాత్రము చూచినవారు దీనిని విలాసశాస్త్రమని తలఁతురు. బీజమును జూచిన, నిది భయమునుండి బయటపడిన యొక తల్లి చేసికొన్న వ్రతము. ‘నాది’ యను మాట యెంత క్రూరముగా మాఱఁగలదో చూచినది గనుక నామె యా మాటయే లేని ప్రేమ యుండునా యని వెదకెను. చికిత్సకురాలగుట తరువాతి మాట. 1970 దశకమునాఁటికే యామె ఈర్ష్యను వదల్చుకొను విధమును గూర్చి గోష్ఠులు నడపుచుండెను. చికిత్సాశాస్త్రమునుండి జీవితము దిగి రాలేదు, జీవితమునుండి శాస్త్రము మొలచినది. గ్రంథమునకు గుణము నిదియే, దోషము నిదియే.

హార్డీ 1955లో జన్మించినది. గ్రంథమును మొదట ముద్రించిన గ్రీనరీ ప్రెస్ ఆమె నెలకొల్పినదే. మొదటి కూర్పున నామె క్యాథరిన్ ఎ. లిస్ట్ అను మాఱుపేరుతోఁ గానవచ్చును. నిర్భయముగా నుండుఁడని చెప్పు గ్రంథమునందే యొక కర్త మాఱుపేరు ధరింపవలసి వచ్చుట నాఁటి లోకస్థితిని దెలుపుచున్నది. తరువాతి కూర్పులలో సొంతపేరే యున్నది.

ఉపనామములు మాఱిన తీరు చూడుఁడు. 1997 కూర్పు తన్నుఁ దాను అనంతమైన లైంగికావకాశములకు మార్గదర్శి యని చెప్పుకొన్నది. 2009 నాఁటి కూర్పు బహుప్రేమకును, మూయని దాంపత్యములకును, ఇతర సాహసములకును ఆచరణోపయోగి యగు మార్గదర్శి యని చెప్పుకొన్నది. 2017 కూర్పున ‘సాహసములు’ తొలఁగి వానిచోటఁ బ్రేమయందలి ‘స్వాతంత్ర్యములు’ వచ్చినవి. అనంతమునుండి సాహసమునకును, సాహసమునుండి స్వాతంత్ర్యమునకును జరిగిన యీ నడక యిరువదియేండ్ల యనుభవముచేఁ గలిగిన పరిపాకమని నేను గ్రహించుచున్నాను. నా యభిప్రాయమున మూఁడవపేరే గ్రంథమునకుఁ దగినది. ఎందుకో తరువాతఁ జెప్పెదను.

ఇట్టి ప్రయత్న మమెరికాలోఁ గ్రొత్త గాదు. న్యూయార్కు రాష్ట్రమున ఓనైడా యనుచోట జాన్ హంఫ్రీ నోయిస్ 1848లో నెలకొల్పిన సమాజమున నందఱికి నందఱుఁ బరిణీతులే యను నియమము నడచెను. అచట నొకరిపై నొకరికి ప్రత్యేకానురాగము గలుగుటయే దోషము. పెద్దలు విమర్శించి దండించెడివారు. 1879లో నా నియమము రద్దయ్యెను. 1881లో సమాజ మొక వాణిజ్యసంఘముగా మాఱి, పిదప వెండిచెంచాలకుఁ బ్రసిద్ధి కెక్కెను. 1972లో నెనా ఓనీల్, జార్జి ఓనీల్ అను మానవశాస్త్రజ్ఞులైన దంపతులు ‘ఓపెన్ మ్యారేజ్’ అను గ్రంథమును బ్రకటించిరి. సాన్ ఫ్రాన్సిస్కోలోనే కెరిస్టా యను సమాజము 1971 మొదలు 1991 వఱకు నడచెను. ఓనైడాకును ఈస్టనునకును గల భేదమును మాత్రము మఱువరాదు: అచ్చట నాజ్ఞ పెద్దలది, ఇచ్చట నొడంబడిక యిరుపక్షములది. ఈస్టన్ గ్రంథమున గురుపీఠము లేదు.

ఈ సంప్రదాయమునకు నేఁడు వాడుకలో నున్న ‘పాలియామరీ’ యను పేరు 1990వ యేఁటి ప్రాంతమునఁ బుట్టినది. మార్నింగ్ గ్లోరీ జెల్ అను నామె 1990లో వ్రాసిన యొక వ్యాసమున దీని విశేషణరూపము కానవచ్చును. ‘పాలి’ గ్రీకు, ‘అమోర్’ లాటిను. మన లాక్షణికులు వైరిసమాసమని వెలివేసిన జాతిని బోలిన కూర్పిది. రెండుభాష లిట్లు సమ్మతి లేక యొకచోటఁ గాఁపురము పెట్టినను లోకము దాని నంగీకరించినది. ఆక్స్ ఫర్డ్ నిఘంటువు 2006లోఁ జేర్చుకొన్నది. తెలుఁగున ‘బహుప్రేమ’ యనిన సమాసశుద్ధి కలదు. అర్థశుద్ధి చాలదు; అందు సమ్మతి ధ్వనింపదు. రహస్యముగా నలువురిని మోసగించువానికిని బహుప్రేమయే గదా.

గ్రంథము నడచు తీరు సులభము. వాక్యములు చిన్నవి, సంబోధన మిత్రుని సంబోధించినట్లుండును, నడుమ నడుమ పాఠకుఁడు తానే చేసి చూచుకొనవలసిన యభ్యాసములు కలవు. ప్రమాణములలోఁ బ్రత్యక్షమునకే పట్టము. శబ్దప్రమాణమున కెడ మంతగా లేదు. మూలసిద్ధాంత మొక్కటి: ప్రేమ కొలఁదిపాటి ధనము గాదు, ఒకరికిచ్చిన మఱియొకరికిఁ దఱుగును అనుట లేమినుండి పుట్టిన భ్రాంతి యని. దీనికి వా రిడిన పేరు ఆఁకటి యర్థశాస్త్రమను భావమిచ్చునది. తల్లి రెండవబిడ్డను గన్నంతన మొదటి బిడ్డపై ప్రేమ సగము గాదు గదా యని మనవారును దృష్టాంత మియ్యఁగలరు. అయితే కాలమును, ఇల్లును, ధనమును నిజముగాఁ గొలఁదివే యని రచయిత్రులే యొప్పుకొందురు. ఇది వారి నిష్కపటత్వము. ఒప్పుకొన్న పిమ్మట దాని పర్యవసానమును దుదవఱకు విచారింపక ముందునకు సాగిపోయిరి. ప్రేమ అనంతమే కావచ్చును. జ్వరముతోఁ బడియున్న రాత్రి ప్రక్కనుండు మనిషి యనంతము గాఁడు.

ఇఁక గ్రంథమునకుఁ బ్రాణమైన ఈర్ష్యాప్రకరణము. ఇందే ఈస్టన్ చికిత్సానుభవ మెల్లఁ గానవచ్చును. ఆమె చెప్పున దేమనఁగా: ఈర్ష్య యనునది యొక్క భావము గాదు, విడువఁబడుదునను భయము, నేను దక్కువవాఁడనను దైన్యము, నష్టమునుగూర్చిన దుఃఖము, కోపము, ఇట్టి పెక్కింటికి మనము గప్పిన యొక దుప్పటి. దుప్పటి దీసి చూడవలెను. చూచిన యెడల భరింపరాని దనుకొన్నది భరింపఁదగినదే యగును. భావమును అనుభవించుట వేఱు, దాని యాజ్ఞకు లోఁబడి చేయిచేసికొనుట వేఱు. ఈ తుదిమాట యెంత విలువైనదో, అనుమానముపేరఁ గొట్టఁబడిన భార్యలున్న యే దేశమువారికైనఁ జెప్పఁబని లేదు.

దీనిని జదివినపుడు నాకు వ్యాకరణశాస్త్రమునందలి యొక ప్రసిద్ధస్థలము స్ఫురించినది. క్రోధము, ద్రోహము, ఈర్ష్య, అసూయ యను నర్థములుగల ధాతువుల యోగమున నెవరిపైఁ గోపమో వానికి సంప్రదానసంజ్ఞ వచ్చి చతుర్థి యగునని పాణిని విధించెను. నాల్గింటికిని భేదమును వృత్తికారులు చెప్పిరి: సహింపకపోవుట ఈర్ష్య, గుణములందు దోషము నారోపించుట అసూయ. ఇంతవఱ కందఱెఱిఁగినదే. ‘ఎవరిపైఁ గోపమో’ యను మాట సూత్రమున నేల యని శంకించి, కాశికాకారులు చూపిన ప్రత్యుదాహరణము చూడుఁడు. ఒక భర్త, పరుఁడు తన భార్యను జూడరాదని ఈర్ష్యపడుచున్నాఁడు. అచ్చట భార్యాశబ్దమునకుఁ జతుర్థి రాదు, ద్వితీయయే వచ్చును. ఏల? ఈర్ష్య భార్యావిషయకమే గాని కోప మామెపైఁ గాదు గనుక. భర్త కోపము చూచు పరునిపైనిది. ఆమె కేవలము కర్మము.

ఈ యొక్క విభక్తిభేదమున నెంత లోకజ్ఞాన మున్నదో చూడుఁడు. ఈర్ష్యయొక్క విషయ మొకటి, కోపముయొక్క లక్ష్య మొకటి యని శాస్త్రకారు లెఱుఁగుదురు. లోకమున భర్త చేయు నపరాధ మా విభక్తిని మార్చుటయే: పరునిపై రావలసిన కోపమును భార్యపైఁ దెచ్చుట. ఈస్టన్ తన గోష్ఠులలో జనులకు నేర్పిన దీ వివేచనమే యనిన నతిశయోక్తి గాదు. కాని యామె యింకొక యడుగు ముందునకు వేసెను. విషయమును, లక్ష్యమును గూడఁ ద్రోసివైచి, నీ భావమునకు నీవే కర్తవు, నీచే నెవ్వరును ఈర్ష్యపడఁజేయఁజాలరు అనెను. ఇచ్చట నేను సమ్మతింపను.

రసశాస్త్రము నభ్యసించిన వారెవ్వరును సమ్మతింపరు. ఆలంబనము లేని భావము లేదు. ఉద్దీపనము లేక యది పెరుగదు. నా హృదయమున ఈర్ష్య పుట్టుటకు నా సంస్కారము కారణమే, కాని యెదుటివాని చేష్టయు విభావమే. విభావమును గారణకోటినుండి తొలఁగించిన, మాట తప్పినవానికి సైతము ‘నీ దుఃఖము నీదే, నాకేమి?’ యని తప్పించుకొను దారి దొరకును. రచయిత్రుల యుద్దేశ మది గాదనుట స్పష్టము. వారు దయను, ఓదార్పును బహువిధముల బోధించిరి. సిద్ధాంతము మాత్ర మట్టి దురుపయోగమునకుఁ ద్రోవ నిచ్చుచున్నది. బలవంతుని చేతిలో నీ వాక్యము మిక్కిలి సుఖమైన యాయుధము.

ఆలంకారికుల విషయమున నింకొక విశేషము. వారు విప్రలంభమున మానమును ప్రణయమానమనియు, ఈర్ష్యామానమనియు విభజించిరి. అనఁగా ఈర్ష్య ప్రేమకు శత్రువు గాదు, ప్రేమయొక్క యొక దశ. దశరూపకకారుఁ డీర్ష్యామానమును స్త్రీలకే చెప్పెను. వ్యాకరణమున ఈర్ష్యపడువాఁడు భర్త, కావ్యమున ఈర్ష్యపడునది నాయిక! ఇది యూరక జరిగినది గాదు. కావ్యమునఁ బురుషునకుఁ బెక్కండ్రు కాంతలు గలరు గాన ఈర్ష్య స్త్రీ వంతు వచ్చెను. పురుషుని ఈర్ష్యకు రసాభాసభయమో, రక్తపాతభయమో యడ్డువచ్చెను. మన పారిజాతకథలోని సత్యభామ మొదలు సవతిమచ్చరమును వర్ణించిన కవులు కోకొల్లలు. అందు సత్యను ‘నీకు సమ్మతమా?’ యని ముందుగా నడిగినవారు లేరు.

అడిగిన కథ యొకటి కలదు. తంజావూరున 18వ శతాబ్దమున ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమున రాధ తాను బెంచిన ఇళను దానే ముందునిలిచి కృష్ణునకుఁ బెండ్లి సేయును. చేసిన పిమ్మటఁ దాళఁజాలక తపించును. సమ్మతి యిచ్చినంతన ఈర్ష్య పోదు, సమ్మతి బుద్ధిది, ఈర్ష్య యొడలిది, అను నీ సత్యమును ముద్దుపళని యెఱిఁగినంత సూక్ష్మముగా ఈస్టన్ గ్రంథము నెఱుఁగును. ఇద్దఱును స్త్రీలగుట గమనింపఁదగును. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ యా కావ్యమును సమగ్రముగా ముద్రింపించుచు, సిగ్గు స్త్రీలకు మాత్రమే సహజమా, పురుషులకుఁ గాదా యని పీఠికలో నిలఁదీసెను. ఆమె నిలఁదీసినది వీరేశలింగముపంతులుగారంతటివారి విమర్శను. ఆ గ్రంథమును బ్రభుత్వము నిషేధించుటయు, టంగుటూరి ప్రకాశముగారి కాలమున నిషేధము తొలఁగుటయు నందఱెఱిఁగినదే.

ఒడంబడికలనుగూర్చి గ్రంథకర్త్రులు పెక్కుమాటలు చెప్పిరి. ఎవరెవరి కే హద్దులో, ఏది ముందు చెప్పవలెనో, ఆరోగ్యరక్షణ కే జాగ్రత్తలు గైకొనవలెనో, పిల్లలకు నేమి తెలుపవలెనో, ఇవి యన్నియు నోటిమాటగాఁ గాక స్పష్టముగా నిశ్చయించుకొనవలె నందురు. దీనికి మన భాషలోఁ దగిన మాట ‘సమయము’. ఒడంబడిక యను నర్థమున నా శబ్దము భారతమున నిత్యము వినవచ్చును. ద్రౌపదీవిషయమునఁ బాండవులు చేసికొన్నది సమయమే. తిలోత్తమకై యన్నదమ్ములైన సుందోపసుందు లొకరినొకరు చంపుకొన్న కథను నారదుఁడు చెప్పి హెచ్చరింపఁగా, నొకరింట నామె యున్నపుడు మఱియొకరు ప్రవేశింపరాదని వారైదుగురు నియమించుకొనిరి. తరువాత విప్రుని గోవుల రక్షింపవలసివచ్చి యర్జునుఁ డాయుధములకై ధర్మరాజున్న యింటఁ జొచ్చెను. నాకుఁ గష్టము లేదు, తమ్ముఁ డన్నయింటఁ బ్రవేశించుట దోషము గాదని ధర్మరాజు చెప్పినను, ధర్మమున సాకులు పనికిరావని యర్జునుఁడు వెడలిపోయెను.

ఈస్టన్ గోష్ఠికి నీ సోదరులు వచ్చియుండిన, ఆమె ధర్మరాజు పక్షము వహించియుండెడిది. ఆమె మతమున సమయము మనుష్యులకొఱకు గాని మనుష్యులు సమయముకొఱకుఁ గాదు. పనికిరానినాఁడు మరలఁ గూర్చుండి మార్చుకొనవలెను. ఇది వివేకమే. మార్చుకొనవచ్చునని ముందే తెలిసిన మాటకు మాటయందలి బరువు కొంత తఱుగును గదా యను సందేహమును వారు విడఁదీసి చూడలేదు. మఱియొక లోపము: ఐదుగురి సమయమున ద్రౌపది సమ్మతి యెంతవఱ కడుగఁబడెనని మనము నేఁడు ప్రశ్నింతుము. అట్లే యీ గ్రంథమునఁ గూడ, తిండికిని నీడకును నెదుటివారిపై నాధారపడినవా రిచ్చు సమ్మతి యెట్టిదను ప్రశ్న రావలసినంత గట్టిగా రాలేదు. సాన్ ఫ్రాన్సిస్కోలో సొంతసంపాదనమున్న యిరువురి నడుమ ‘సరే’ యనునది సమ్మతి. వెళ్లుట కిల్లు లేనిదాని ‘సరే’ వేఱు. 1969లో ఇల్లు విడిచి వచ్చిన యీస్టనే దీని నందఱికంటె నెక్కువగా వ్రాయఁగలిగియుండెడిది. పెద్దకొఱఁత యిదియే యని నా నిశ్చయము. విఫలులైనవారి గాథలును నా కంటికిఁ దక్కువగానే కానవచ్చినవి.

సమ్మతి యెవ్వరిదను ప్రశ్నకు మన న్యాయశాస్త్రచరిత్రయు నొక సాక్ష్యము. 1860 నాఁటి భారతశిక్షాస్మృతి 497వ ప్రకరణమునఁ బరభార్యాగమనము భర్తకుఁ జేసిన యపరాధము. భర్త సమ్మతించిన నపరాధమే లేదు. భార్య సమ్మతియో, యసమ్మతియో యీ ప్రకరణమునకుఁ బట్టదు. కాశికాకారుని భార్యాశబ్దమువలె నామె యిచ్చటను గర్మమే. సర్వోన్నతన్యాయస్థానము 2018లో దీనిని గొట్టివేసెను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి సోమర్‌విల్ నగరము 2020లోను, కేంబ్రిడ్జి నగరము 2021లోను నిరువురికంటె నెక్కువమంది గల గృహభాగస్వామ్యమును గుర్తించినవి.

కెరిస్టా సమాజమున ‘కంపర్షన్’ అను క్రొత్తమాటయుఁ బుట్టినది. ప్రియుఁడు మఱియొకరితో సుఖించుట చూచి తాను సంతోషించుట దాని యర్థము. దీనికి ‘ముదిత’ తగునని కొందఱందురు. యోగశాస్త్రానుసారము సుఖించువారియెడఁ జూపవలసినది మైత్రి, పుణ్యాత్ములయెడఁ జూపవలసినది ముదిత. పరసుఖమును జూచి సంతోషించుటను ముదిత యనుట బౌద్ధుల పరిభాష. ఏ శాస్త్రమునుండి తెచ్చుచున్నారో చెప్పి తెచ్చుట మేలు.

ఇఁక గ్రంథనామము. ‘స్లట్’ శబ్దమునకు మొదటియర్థము మాసిన బట్టలతో, శుభ్రములేక యుండునది యని. 14వ శతాబ్దమునఁ జాసర్ కవి యొక పురుషుని మాసిన వేషమును జెప్పుటకు దీని విశేషణరూపమునే వాడెను. 1664లో శామ్యూల్ పెప్స్ తన దినచర్యలోఁ బనిపిల్లను ముద్దుగా మెచ్చుకొనుచు నీ మాటనే వాడెను. క్రమముగా మలినత్వము బట్టనుండి శీలమున కెక్కెను. మన ‘పాంసుల’ శబ్దమును సరిగా నీ త్రోవనే నడచినది: పాంసు వనఁగా ధూళి, దానిపై మత్వర్థమున లచ్ ప్రత్యయము, ధూళి గలది, పిదప దూషిత, పిదప నసతి. రెండు దేశములలో రెండు భాష లొక్క రూపకమునే యేర్పఱచుకొన్నవి. కావున నర్థచరిత్రమును బట్టి తుల్యశబ్దము పాంసుల. కాని యీస్టన్ పాంసుల యని చెప్పుకొనఁగోరలేదు. తనయందు ధూళి లేదనియే యామె వాదము.

‘కులట’ను జూతము. కుల మనఁగా నిల్లు. ఇల్లిల్లు తిరుగునది కులట. సవర్ణదీర్ఘము రావలసినచోట శకంధ్వాదులలోఁ జేరి పరరూపమైనది. దీక్షితులవారు కులటాపుత్రవాచకమును సాధించుచు, నిచ్చట కులట యనఁగా భిక్షకై యిల్లిల్లు తిరుగు సతియే యనిరి. వ్యభిచారార్థము తిరుగుదాని పుత్రునకు వేఱు ప్రత్యయమును జూపిరి. అమరసింహుఁడును నీ భేదము నెఱుఁగును. ఒక్క శబ్దమున నిందయు, గౌరవమును రెండును గాఁపురముండిన దనుటకు దీనికంటె నిదర్శనము వలయునా? తిరుగుట దోషము గాదు, ఎందుకు తిరుగుచున్నదో చూడుమని శాస్త్రము. లోకము చూడలేదు.

‘స్వైరిణి’ యందఱికంటె చిత్రమైనది. స్వ యను పదముమీఁద ఈరశబ్దము పరమగునపుడు గుణము రావలెను. వార్తికకారుఁడు ప్రత్యేకముగా వృద్ధిని విధించెను. తన యిచ్ఛచేఁ జరించునది స్వైరిణి. యోగార్థమున నింద యణుమాత్రమును లేదు, స్వాతంత్ర్యమొక్కటే యున్నది. రూఢియందు నింద తప్ప వేఱొక్కటి లేదు. స్త్రీ తన యిచ్ఛచేఁ జరించుటయే దుశ్శీలమని లోకము నిశ్చయించినంతన యోగము రూఢియైనది. 2017 కూర్పునఁ ‘స్వాతంత్ర్యము’ గ్రంథనామమున కెక్కెనని చెప్పితిని. అది స్వైరిణీశబ్దము తన యోగమునకుఁ దాను మరలివచ్చుట. అందువలననే మూఁడవపేరు తగినదంటిని.

మరలివచ్చుట సాధ్యమా? శబ్దము వైయాకరణుఁడు చేసియిచ్చునది గాదు, లోకమున సిద్ధముగా నున్నది. అట్లగుట నిద్దఱు రచయిత్రులు కూర్చుండి యర్థము మార్పఁజాలరు. అయితే లోక మనఁగా నెవరు? తిట్టువారు మాత్రమే లోకమా, తిట్టు వడువారు లోకము గారా? 2011లో టొరాంటోలో నొక పోలీసు, స్త్రీలు దాడికి గుఱికాకుండవలె ననిన నట్టి వేషము వేయరాదని యీ మాటనే ప్రయోగింపఁగా, స్త్రీలు వేలకొలఁది యా మాటనే పతాకముగా నెత్తి నడచిరి. ఆ యేఁటి జులైలో ఢిల్లీలో ‘బేశర్మీ మోర్చా’ యను పేర నడచిరి. అదే సంవత్సరమున నమెరికాలోని నల్లజాతి స్త్రీలు కొందఱు బహిరంగలేఖ వ్రాసి, తమ్ముఁ దాము నీ మాటతోఁ బిలుచుకొను వెసులుబాటు తమకు లేదని చెప్పిరి. వారి మాటయు నింతే నిజము. మన తెలుఁగునాఁట దేవదాసీ, జోగినీ సమర్పణమును నిషేధించుచు 1988లోఁ జట్టము వచ్చెను. ఆ స్త్రీలపై లోకము విసరిన మాటలు వారు కోరి ధరించినవి గావు. తిట్టును నగగాఁ బెట్టుకొనుటకుఁ గొంత కలిమి కావలెను. ఈ సంగతి యీస్టన్ గ్రంథమునందుఁ జాలినంత లేదు.

ఇట్లుండఁగాఁ, దెలుఁగు సేయువారు పే రేమి పెట్టవలెను? ‘ఎథికల్’ అను దానికిఁ గొందఱు ‘నైతిక’ యందురు. నేను ‘ధర్మ్య’ యందును. ధర్మమునుండి తొలఁగనిది ధర్మ్యము అని తద్ధితార్థము. ధర్మ్యస్వైరిణి యనిన సమాసము శుద్ధము, పుంవద్భావమును సరియే, చెవికిని నింపు. చాలదినము లీ పేరే మేలని తలఁచితిని. కాని రెండు చిక్కులు. గ్రంథమున ‘స్లట్’ శబ్దము స్త్రీపురుషులిరువురకును, ఇతరులకును సమానము. స్వైరిణి స్త్రీలింగము. ఛాందోగ్యమున నశ్వపతి తన రాజ్యమున స్వైరియే లేఁడు, ఇఁక స్వైరిణి యెక్కడ యని పురుషుని ముందు నిలిపి నిందించియున్నాఁడు. తరువాతివారు పురుషుని విడిచి స్త్రీని మిగిల్చికొనిరి. రెండవచిక్కు మఱింత గట్టిది. స్వైరిణి యని వీథిలో నెవ్వరును నెవ్వరినిఁ దిట్టరు. సంస్కృతపుఁ దెర చాటునఁ దిట్టు మొద్దువాఱిపోవును. మూలము ధైర్యమెల్ల వీథిలో విసరఁబడిన మాటనే యెత్తికొనుటలో నున్నది.

వీథిమాట మనకుఁ గలదు. ‘తిరుగుబోతు’. తిండిపోతు, తాగుబోతు వలెనే యిదియుఁ బురుషునకును స్త్రీకిని సమానమే. పురుషుని యెడ లోకము నవ్వుచు ననును, స్త్రీయెడఁ గోపముతో ననును, భేద మంతియే. కులటాశబ్దమున నున్న యటనమే దీనియందును గలదు, దీక్షితులవారు గౌరవించిన భిక్షుకి నడకతోఁ గూడ. ధర్మ్యశబ్దమునకు విగ్రహవాక్యమునే తెలుఁగున నుంచిన సమాసబాధయు లేదు. నా మాట యడిగిన, పుస్తకము మీఁద వేయవలసిన పేరు ‘ధర్మము తప్పని తిరుగుబోతు’.